ఐర్లండ్ ఫ్లాట్ రేసుల్లో రేపు రాణించే గుర్రాలను ఈరోజే గుర్తుపట్టడం ఎలా?

ఫలితాల పట్టికలో గుర్రం పేరు పక్కన ఉండే అంకె అది ఎన్నో స్థానంలో వచ్చిందో చెబుతుంది. ఎలా వచ్చిందో చెప్పదు. 2008 జూలైలో కరా రేస్‌కోర్సులో ఒక రెండేళ్ల కోల్ట్ (మగ గుర్రం) తన తొలి పరుగులో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. దాని పేరు సీ ద స్టార్స్. అదే ఏడాది బెరెస్‌ఫర్డ్ స్టేక్స్ గెలిచింది. 2009లో 2000 గినీస్, ఎప్సమ్ డెర్బీ, ఐరిష్ చాంపియన్ స్టేక్స్, ఆర్క్ అనే పెద్ద రేసులన్నీ దానివే. ఆ జూలై రోజున '4' అనే అంకెను చూసి పేజీ తిప్పేసినవాళ్లు దాన్ని వదులుకున్నట్టే.

అలాంటి గుర్రాన్ని ఎలా పట్టుకోవాలి, దాని పేరు పక్కన ఏం రాసుకోవాలి, ఎప్పుడు జాబితా నుంచి తీసేయాలి అన్నది కింద వరుసగా ఉంది. ఇదంతా గుర్రాలను గమనించడం గురించి. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కాబట్టి అక్కడి పాఠకులు దీన్ని ఆట చదువుగానే వాడుకోవాలి.

1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

• హార్స్ రేసింగ్ ఐర్లండ్ సైట్‌లో ఆ రోజు ఫలితాల పేజీ. స్థానాలు, లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే గుర్రం శరీరమంత పొడవు) తేడాలు, మోసిన బరువు, డ్రా (స్టార్టులో గుర్రానికి వచ్చిన గేటు సంఖ్య), సమయం అన్నీ అందులో ఉంటాయి.
• రేసు వీడియో. 2019 నుంచి ఐర్లండ్ రేసుల ప్రసారం రేసింగ్ టీవీది.
• ఐర్లండ్ రేసింగ్ నియంత్రణ సంస్థ ఐహెచ్‌ఆర్‌బీ ఇచ్చే స్టూవర్డ్‌ల (రేసును పర్యవేక్షించే అధికారుల) నివేదిక.
• ఫోన్‌లో స్టాప్‌వాచ్.
• ఒక నోటుపుస్తకం లేదా ఎక్సెల్ షీటు.

టైము విషయం ముందే చూసుకోండి. వేసవిలో భారత సమయం ఐర్లండ్ కన్నా 4.30 గంటలు ముందుంటుంది, చలికాలంలో 5.30 గంటలు. అక్కడ సాయంత్రం 5.30కి మొదలయ్యే వేసవి రేసు ఇక్కడ రాత్రి 10 గంటలకు. నిద్ర చెడగొట్టుకుని లైవ్ చూడక్కర్లేదు. ఈ పనికి మర్నాడు తీరిగ్గా చూసే వీడియోనే మేలు.

2. ఏ రేసులు చూడాలి

పచ్చికమీద ఫ్లాట్ (దూకాల్సిన అడ్డంకులు లేని) రేసుల సీజన్ మార్చి చివర మొదలై నవంబరు మొదట్లో ముగుస్తుంది. అన్ని రేసులూ చూడాలని కూర్చుంటే వారంలో విసుగొస్తుంది. వరుస ఇలా పెట్టుకోండి.

మొదట రెండేళ్ల గుర్రాల మెయిడెన్లు, అంటే ఇంతవరకూ ఒక్క రేసూ గెలవనివాటి రేసులు. వాటిలోనూ కరా, లెపర్డ్స్‌టౌన్, నేస్ కోర్సుల్లో 7 ఫర్లాంగులు (మైలుకు 8 ఫర్లాంగులు), మైలు దూరాలవి ముందు చూడండి. పెద్ద ట్రైనర్లు మంచి పిల్లలను తొలిసారి దింపేది ఎక్కువగా అక్కడే.

తరవాత మూడేళ్ల గుర్రాల మెయిడెన్లు, మొదటి రెండు మూడు హ్యాండిక్యాప్‌లు, అంటే రేటింగ్ (గుర్రం సత్తాకు ఇచ్చే అంకె) ఎక్కువున్నదానికి ఎక్కువ బరువు పెట్టే రేసులు. ఇక్కడ దొరికేవి పెద్ద పేర్లు కావు. రేటింగ్ కన్నా బాగా పరిగెత్తగల మామూలు గుర్రాలు.

గ్రూప్ రేసులు, అంటే అత్యున్నత స్థాయివి, అందరూ చూస్తారు, అందరూ రాస్తారు. వాటిలో గెలిచిన గుర్రం కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. అందుకే రైల్వే స్టేక్స్, ఫీనిక్స్ స్టేక్స్, ఫ్యూచురిటీ, నేషనల్ స్టేక్స్ లాంటివి మరో పనికి వాడండి. ఏ మెయిడెన్ నుంచి వచ్చిన గుర్రాలు అక్కడ నిలబడ్డాయో చూస్తే, ఆ మెయిడెన్‌లో వెనకబడిన మిగతావాటి విలువ తెలుస్తుంది.

లేటౌన్ రేసులు సముద్రపు ఒడ్డున ఇసుకమీద ఏడాదికొకసారి జరుగుతాయి. చూడముచ్చటైన రేసులే, కానీ ఈ లెక్కకు పనికిరావు.

3. ట్రాక్‌ను, నేలను ముందు రాసుకోండి

గుర్రం గురించి ఒక్క మాట రాయకముందే పేజీ పైన రెండు సంగతులు రాయాలి: ఏ కోర్సు, ఏ నేల.

కరా కుడిచేతి వైపు తిరిగే విశాలమైన ట్రాక్. చివరి 3 ఫర్లాంగులూ ఎత్తు ఎక్కాలి. అక్కడ 5, 6 ఫర్లాంగుల రేసులు నేరుగా సాగుతాయి, గుర్రాలు ఒక్కోసారి రెండు గుంపులుగా విడిపోతాయి. అలా విడిపోయినప్పుడు మొత్తం స్థానంతో పాటు, తన గుంపులో ఎన్నోది అన్నది కూడా రాయండి. మొత్తం మీద ఏడోది అయినా, వెనకబడిన గుంపులో మొదటిది అయితే ఆ గుర్రాన్ని వదలకూడదు.

లెపర్డ్స్‌టౌన్ ఎడమచేతి ట్రాక్, గుర్రం సత్తా దాదాపు సరిగ్గా బయటపడే చోటు. డబ్లిన్‌లో ఉండే తెలుగువాళ్లకు దగ్గర్లోనే ఉంది కాబట్టి వీలైతే వెళ్లి ప్యాడక్‌లో (రేసుకు ముందు గుర్రాలను నడిపించే ఆవరణలో) గుర్రాలను కళ్లారా చూడండి. నేస్, నావన్ రెండూ ఎడమచేతి ట్రాక్‌లే, రెండింటికీ చివర ఎత్తు ఉంది. గాల్వేలో మలుపులు బిగుతు, చివరి ఎక్కుడు నిటారు. అక్కడ ఓడిపోయిన గుర్రాన్ని తొందరపడి కొట్టేయకండి, అక్కడ గెలిచినదాన్ని తొందరపడి నెత్తిన పెట్టుకోకండి.

డండాక్ 2007 నుంచి నడుస్తున్న పాలీట్రాక్ (కృత్రిమ నేల), ఫ్లడ్‌లైట్ల కోర్సు. అక్కడి ఫలితాలను విడి పేజీలో రాయండి. పాలీట్రాక్‌మీద బాగా పరిగెత్తేది పచ్చికమీద తేలిపోవడం, పచ్చికమీద బాగా పరిగెత్తేది అక్కడ తేలిపోవడం మామూలే.

నేల విషయానికొస్తే, ఐర్లండ్‌లో 'గుడ్'కీ 'సాఫ్ట్'కీ మధ్య 'యీల్డింగ్' అనే మాట వాడతారు. ఇంగ్లండ్ కార్డుల్లో ఇది కనిపించదు. నేల మెత్తబడేకొద్దీ గుర్రాల మధ్య దూరాలు సాగుతాయి. హెవీ (బాగా తడిసి బురదగా ఉన్న) నేలమీద 8 లెంగ్త్‌ల ఓటమీ గుడ్ నేలమీద 8 లెంగ్త్‌ల ఓటమీ ఒకటి కావు. ఒకే రోజు మధ్యలో వాన పడితే నేల వివరణ మారుతుంది, కాబట్టి మీ రేసు ముందుదో తరవాతదో చూసి రాయండి.

4. వీడియో మూడుసార్లు చూడండి

ఈ పనంతటికీ ప్రాణం ఇదే. తొందరపడితే మిగతా మెట్లన్నీ దండగ.

మొదటిసారి రేసు మొత్తం, వేగం కోసమే. ముందున్న గుర్రం మొదటి సగం మెల్లగా నడిపిందా, పరుగులు పెట్టించిందా? మెల్లగా నడిస్తే చివర ముందున్నవే ముందుంటాయి. అలాంటి రేసులో వెనక నుంచి వచ్చి నాలుగో స్థానం దక్కించుకున్న గుర్రం మీరు వెతికే బాపతు. వేగం బాగా ఎక్కువైతే ముందున్నవి అలిసిపోతాయి, వెనకవి గొప్పగా కనిపిస్తాయి. అప్పుడు ముందుండి కూడా మూడో స్థానం వదలనిదే అసలైనది.

రెండోసారి ఒక్క గుర్రాన్నే చూడండి. స్టాల్స్ (స్టార్టు గేట్లు) తెరుచుకున్న క్షణం నుంచి పోస్టు (ముగింపు స్తంభం) దాటేదాకా కళ్లు దానిమీద నుంచి తీయొద్దు. ఒకే యజమానుల గుర్రాలు రెండు మూడు ఉంటే రంగులు తికమకపెడతాయి. ట్రైనర్ ఏడన్ ఓబ్రయన్ శిక్షణశాల బాలీడాయల్ గుర్రాల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. ఒకే ముదురు నీలం చొక్కాలో ఇద్దరు జాకీలు ఉంటే టోపీ రంగే ఆధారం. రేసు కార్డులో టోపీ రంగు చూసుకుని మొదలుపెట్టండి.

మూడోసారి చివరి 2 ఫర్లాంగులు మాత్రమే, ఆపి ఆపి చూడండి. వెతకాల్సినవి ఇవి:

• జాకీ చేతులు ఎప్పుడు కదిలాయి? పక్కన జాకీలందరూ నెడుతున్నా ఇతని చేతులు కదలకుండా ఉన్నాయంటే గుర్రంలో ఇంకా సరుకుంది.
• దారి మూసుకుపోయిందా? జాకీ నెట్టడం ఆపి కళ్లెం వెనక్కి లాగితే, అది గుర్రం ఎన్ని అంగలు వేసేంత సేపు జరిగిందో లెక్కపెట్టండి. రెండు మూడు అంగలైతే ఒక లెంగ్త్ లోపు నష్టం. పూర్తిగా ఆగి పక్కకు జరిగి మళ్లీ అందుకుంటే 2 లెంగ్త్‌లు, అంతకు మించి కూడా పోవచ్చు.
• తొలి పరుగు గుర్రమైతే తల అటూ ఇటూ తిప్పుతోందా, ఒకవైపుకు లాగుతోందా? ఇవి అనుభవం లేని గుర్తులు, రెండో పరుగుకు చాలావరకు పోతాయి. నాలుగో పరుగులోనూ అదే పని చేస్తుంటే అది స్వభావం.
• కొరడా తగలకుండా చేతులతోనే నెడుతుంటే ఎలా వచ్చింది? చివరి 100 గజాల్లో ముందున్నవాటికి దగ్గరవుతోందా, అంతే దూరంలో ఉందా?
• పోస్టు దాటాక కెమెరా తిప్పేలోగా ఏం జరిగింది? నాలుగోది మొదటిదాన్ని దాటేసి పోతుంటే, దాని దూరం ఇంకా పెంచవచ్చని అర్థం.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. చివర్లో దూసుకొచ్చినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ముందున్నవి అలిసిపోవడమే. దూసుకొచ్చిన గుర్రం వేగం పెరిగిందా, పక్కవాటి వేగం తగ్గిందా? దీనికి కంటి కన్నా గడియారం మంచి సాక్షి.

5. గడియారంతో సరిచూడండి

ఫర్లాంగు అంటే 201 మీటర్లు, మైలుకు 8. ట్రాక్ పక్కన ఫర్లాంగు స్తంభాలు వీడియోలో కనిపిస్తాయి. గుర్రం ముక్కు 2 ఫర్లాంగుల స్తంభాన్ని దాటినప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి, 1 ఫర్లాంగు దగ్గర, పోస్టు దగ్గర చూడండి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి. చేతి కొలతలో ఒకటి రెండు పదుల వంతుల సెకను తప్పు ఎప్పుడూ ఉంటుంది.

చదునైన చోట, గుడ్ నేలమీద ఫర్లాంగుకు 12 సెకన్ల చొప్పున ముగిస్తే బాగున్నట్టే. కరా ఎత్తులో, సాఫ్ట్ నేలమీద ఈ అంకె వర్తించదు. అక్కడ అదే రేసులో మిగతా గుర్రాల అంకెతోనే పోల్చాలి.

మొత్తం సమయాన్ని అదే రోజు, అదే దూరం వేరే రేసుతో పోల్చండి. రెండేళ్ల గుర్రాల మెయిడెన్ జూలైలో 7 ఫర్లాంగులు పరిగెత్తి, 75 రేటింగ్ పెద్ద గుర్రాల హ్యాండిక్యాప్‌కు అర సెకను లోపు దగ్గరకొస్తే, ఆ మెయిడెన్‌లో మొదటి నాలుగు స్థానాల గుర్రాలన్నీ రాసుకోదగ్గవి. అయితే రెండు రేసుల మధ్య రెయిలింగ్ జరపలేదని, వాన పడలేదని చూసుకున్నాకే. మెల్లగా నడిచిన రేసులో సమయం చెడ్డగా ఉంటే గుర్రాన్ని తప్పుపట్టొద్దు. మెల్లగా నడిచినప్పుడు చివరి 2 ఫర్లాంగుల సమయమే మాట్లాడుతుంది.

6. లెంగ్త్‌లను పౌండ్లలోకి మార్చండి

హ్యాండిక్యాప్ గుర్రాలకు ఈ మెట్టు తప్పదు. వాడుకలో ఉన్న మోటు లెక్క ఇది: ఒక లెంగ్త్‌కు 5 ఫర్లాంగులలో 3 పౌండ్లు, 6లో 2.5; 7, 8లో 2; దూరం ఇంకా పెరిగేకొద్దీ అంతకన్నా తక్కువ.

ఉదాహరణకు 7 ఫర్లాంగుల హ్యాండిక్యాప్ తీసుకుందాం. గెలిచిన గుర్రం రేటింగ్ 80, మోసినది 9 స్టోన్ (స్టోన్ అంటే 14 పౌండ్లు). మన గుర్రం రేటింగ్ 82, మోసినది 9 స్టోన్ 2 పౌండ్లు, 3 లెంగ్త్‌ల తేడాతో నాలుగోది. రేటింగ్ తేడా, బరువు తేడా రెండూ 2 కాబట్టి లెక్క ప్రకారం ఇద్దరూ సమానులు. 3 లెంగ్త్‌లు అంటే 6 పౌండ్ల ఓటమి.

గెలిచినదాని రేటింగ్‌ను హ్యాండిక్యాపర్ (రేటింగ్‌లు ఇచ్చే అధికారి) 86 చేశాడనుకోండి. అంటే మన గుర్రం సరిగ్గా తన 82కే పరిగెత్తింది. కానీ వీడియోలో దారి మూసుకుపోయి 2 లెంగ్త్‌లు పోయాయని మీరు రాసుకున్నారు. అవి 4 పౌండ్లు. అసలు పరుగు 86. హ్యాండిక్యాపర్ రేటింగ్‌ను 82లోనే ఉంచితే, తరవాతి రేసుకు మన గుర్రం చేతిలో 4 పౌండ్లు ఉన్నట్టు.

అప్రెంటిస్ (ఇంకా నేర్చుకుంటున్న) జాకీ తగ్గించుకునే బరువును ఈ లెక్కలో మరిచిపోవద్దు. మోసిన బరువు అంటే నిజంగా వీపుమీద ఉన్నదే. ఇంకో మాట: ఈ లెక్క నిలవాలంటే గెలిచినది నిజంగా 86 గుర్రం కావాలి. రెండో స్థానం, మూడో స్థానం గుర్రాలు తరవాత ఎలా పరిగెత్తాయో మూడు వారాలు చూడండి. అవి గెలిస్తే మీ లెక్కకు బలం, చతికిలపడితే మీ 4 పౌండ్లు గాలిలో లెక్క.

7. పుట్టుక, శిక్షణ: కాస్త చాలు

పుట్టుకను ఒక్క ప్రశ్నకే వాడండి: ఈ గుర్రానికి ఇంకా ఎక్కువ దూరం నప్పుతుందా? గెలీలియో, కామెలాట్, సీ ద స్టార్స్ వంశంలోని పిల్ల 7 ఫర్లాంగులలో చివర వేగం అందుకుంటుంటే మైలు, మైలుంపావు దాని చోటు. కోడియాక్, నో నే నెవర్ పిల్లల్లో వేగం ఎక్కువగా కనిపిస్తుంది. దూరం పెంచుతారని ఆశ పెట్టుకునే ముందు తల్లి వైపు కూడా చూడండి.

పుట్టిన తేదీ కూడా చూడండి. గుర్రాలన్నిటికీ జనవరి 1నే ఒక ఏడు నిండినట్టు లెక్క. మే నెలలో పుట్టినది జూన్ రేసులో ఫిబ్రవరిలో పుట్టినదాని కన్నా మూడు నెలలు చిన్నది. తొలి పరుగులో 4 లెంగ్త్‌ల వెనక ఉంటే ఆ తేడాకు విలువ ఇవ్వాలి.

ట్రైనర్ల విషయంలో ఒక్కటే హెచ్చరిక. ఏడన్ ఓబ్రయన్ గుర్రాలు చాలాసార్లు తొలి పరుగు తరవాత బాగా మెరుగుపడతాయి. 2022లో ఆగస్ట్ రోడాన్ కరాలో తొలి పరుగులో క్రిప్టో ఫోర్స్ వెనక రెండోది. మరుసటి ఏడాది ఎప్సమ్ డెర్బీ, ఐరిష్ డెర్బీ రెండూ గెలిచింది. అలాగని ఆ శిక్షణశాల నుంచి రెండో స్థానంలో వచ్చిన ప్రతి పిల్లనూ రాసుకుంటే జాబితా చాంతాడంత అవుతుంది. వీడియోలో మీకు కారణం కనిపించాలి. ట్రైనర్ పేరు ఆ కారణానికి తోడు మాత్రమే.

8. స్టూవర్డ్‌ల నివేదిక చదవడం మానొద్దు

చిన్న మెట్టు, ఫలితం పెద్దది. జాకీ ఇచ్చుకున్న వివరణ, పశువైద్యుడు చూసిన సంగతి అందులో ఉంటాయి. గుర్రం దగ్గుతోందని, గొంతులో శ్లేష్మం ఉందని, లాడం ఊడిందని, మలుపులో జారిందని రాసి ఉంటే చెడ్డ పరుగుకు కారణం దొరికినట్టే. 'వివరణ ఏమీ లేదు' అని ఉంటే మీరు కారణం కల్పించుకోవద్దు.

9. జాబితాలో ఎలా రాయాలి

పేరు ఒక్కటే రాస్తే నెల తరవాత ఎందుకు రాశారో మీకే గుర్తుండదు. కారణం రాయాలి, ఎలాంటి రేసులో చూడాలో షరతు రాయాలి. నమూనా ఇది:

• గుర్రం: మూడేళ్ల ఫిల్లీ (ఆడ గుర్రం), రేటింగ్ 82
• రేసు: కరా, 7 ఫర్లాంగులు, యీల్డింగ్, నాలుగోది, 3 లెంగ్త్‌లు
• కారణం: 2 ఫర్లాంగుల దగ్గర దారి లేదు, జాకీ కళ్లెం లాగాడు, పోస్టు దాటాక రెండిటిని దాటింది
• లెక్క: 4 పౌండ్లు చేతిలో
• షరతు: మైలు, గుడ్ నుంచి యీల్డింగ్ దాకా, విశాలమైన ట్రాక్
• వద్దు: హెవీ నేల, 6 ఫర్లాంగులు, డండాక్
• గడువు: 3 పరుగులు

షరతు గడి ఖాళీగా ఉంటే ఆ గుర్రం జాబితాకు ఇంకా సిద్ధం కానట్టు. ఏకకాలంలో 20కి మించి గుర్రాలు ఉంచుకోవద్దు. కొత్తది చేర్చాలంటే పాతది ఒకటి తీసేయాలి. తరవాత ప్రతి సాయంత్రం మరుసటి రోజుల రేసుల్లో దిగే గుర్రాల తుది జాబితాలు చూసి, మీ పేర్లు కనిపిస్తే షరతుతో పోల్చండి. సైట్లలో ట్రాకర్ సౌకర్యం ఉంటే అదే గుర్తుచేస్తుంది.

10. తరచూ జరిగే తప్పులు

తప్పు: 6 లెంగ్త్‌లతో గెలిచిన మెయిడెన్ విజేతను వెంటనే రాసుకోవడం.
దిద్దుబాటు: వెనకవి ఏవో చూడండి. అందరూ తొలి పరుగువాళ్లే అయి, తరవాత ఒక్కటీ గెలవకపోతే ఆ 6 లెంగ్త్‌లు ఎవరిమీద గెలిచినట్టు?

తప్పు: ప్రతి ఓటమికీ దురదృష్టమే కారణం అనుకోవడం.
దిద్దుబాటు: ఒక గుర్రానికి 'దారి దొరకలేదు' అన్న మాట రెండోసారి రాయాల్సి వస్తే ఆగండి. స్టాల్స్ నుంచి ఆలస్యంగా వచ్చే గుర్రానికి దారి ఎప్పుడూ కష్టమే. అది దాని లోపమే.

తప్పు: చెడ్డ డ్రాను పట్టించుకోకపోవడం.
దిద్దుబాటు: అదే రోజు అదే దూరం రేసుల్లో గెలిచినవి ఏ డ్రా నుంచి వచ్చాయో చూసి పక్కన రాయండి.

తప్పు: నేల మారినా గుర్రాన్ని నమ్మడం.
దిద్దుబాటు: షరతు తప్పితే చూడొద్దు, గడువులో లెక్కపెట్టొద్దు కూడా.

తప్పు: ముచ్చటైన గుర్రం మీద మనసు పారేసుకోవడం. ఇది అందరికీ జరుగుతుంది, జరిగేకొద్దీ జాబితా చెడుతుంది.
దిద్దుబాటు: కొత్తగా ఏమీ రాయలేకపోతే ఆ పేరు కొట్టేయండి.

11. ఎప్పుడు తీసేయాలి

షరతులన్నీ కుదిరి, ఆటంకం లేని పరుగులో కూడా గుర్రం మీ లెక్కకు 5 పౌండ్లు తక్కువ పరిగెత్తితే ఒక అవకాశం ఇవ్వండి. రెండోసారీ అంతే అయితే కొట్టేయండి. గెలిచాక హ్యాండిక్యాపర్ పెంచిన పౌండ్లు, మీరు చేతిలో ఉన్నాయనుకున్న పౌండ్లకు సమానమైనా మించినా, అప్పుడూ తీసేయండి. మీరు కనిపెట్టినది ఇప్పుడు అందరికీ తెలుసు.

నవంబరులో సీజన్ ముగిశాక రెండేళ్ల గుర్రాలను మాత్రం విడిగా ఉంచండి. తొలి పరుగో రెండో పరుగో ముగించుకుని, మైలు దాకా సాగగలవన్న షరతుతో ఉన్నవి చలికాలంలో ఎముక, కండ పెంచుకుని మూడేళ్లవిగా వస్తాయి. మార్చి చివర తొలి ఎంట్రీలు రాగానే మొదట చూడాల్సింది ఆ పేజీనే. వాటి పాత రేటింగ్ అలాగే ఉంచి, దూరం గడిని మాత్రం కొత్తగా రాయండి.